వెండి చెంచా మీది నలుపు మురికి కాదు

దసరాకు అటక మీది ట్రంకుపెట్టె దించితే మా జేజి వెండి చెంచాలు ఆరూ బయటపడ్డాయి. వెండివని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు, అంత నల్లగా ఉన్నాయి. న్యూస్‌పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టారు, బ్యాండు ఆనిన చోటయితే కాటుక గీసినట్టు ఒక గీత.

అమ్మ వెంటనే చింతపండు నానబెట్టింది. రాగిచెంబుకు పనిచేసేది దీనికెందుకు చేయదని ఆమె లెక్క. ఎంత రుద్దినా నలుపు కదల్లేదు. రాగి, ఇత్తడి మీద పట్టే చిలుములో చాలావరకు ఆక్సైడు, దాన్ని పులుపు కరిగిస్తుంది. వెండి మీది నలుపు గంధకంతో వెండి కలిసి తయారైన సిల్వర్ సల్ఫైడ్, అది చింతపండుకు లొంగే రకం కాదు.

ఇంట్లోకి గంధకం ఎక్కడిదంటారా? కర్నూలు వాళ్లం, ఉల్లిగడ్డ లేకుండా మాకు పూట గడవదు, ఉగ్గానిలో కూడా అదే కదా. ఉల్లిలో గంధకం ఉంది, కోడిగుడ్డులో ఇంకా గట్టిగా ఉంది, రబ్బరును గట్టిపరచడానికి కలిపేదీ గంధకమే. ఇవేవీ తగలకపోయినా మురుగు కాలువ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మన ముక్కుకు తెలియనంత కొంచెం గాల్లో ఉన్నా చాలు, తేమ తోడైతే వెండి మెల్లగా పసుపు తిరిగి, గోధుమరంగుకొచ్చి, చివరికి నల్లబడుతుంది.

అసలు విషయం ఇది: ఆ నలుపులో బరువు లెక్కన దాదాపు 87 శాతం వెండే. విభూతితోనో పళ్లపొడితోనో రుద్దితే చెంచా మెరుస్తుంది, నిజమే, కానీ గుడ్డకు అంటిన నలుపంతా మన వెండే, ఏటా పండగకు కొంచెం కొంచెంగా తూములో పోస్తున్నాం.

తిరిగి రాబట్టుకునే దారి ఒకటుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, చెంచాలు దానికి తగిలేలా పెట్టి (తగలకపోతే పని జరగదు), లీటరు మరిగే నీళ్లకు రెండు చెంచాల వంటసోడా, కొంచెం ఉప్పు కలిపి పోయాలి. అల్యూమినియానికి ఎప్పుడూ ఒక సన్నని ఆక్సైడు పొర ఉంటుంది, వేడి సోడానీళ్లు దాన్ని తినేస్తాయి. ఇక అది చిన్న బ్యాటరీయే. అల్యూమినియం నుంచి ఎలక్ట్రాన్లు నలుపులోకి వెళ్తాయి, గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి చెంచా మీదే నిలుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే వదిలిపోతున్న గంధకమేనని అర్థం, కిటికీ తీసి పెట్టుకోండి. పాత అల్యూమినియం సట్టి ఉంటే ఫాయిల్ కూడా అక్కర్లేదు.

ముత్యాలు, రాళ్లు పొదిగినవి, లోపల లక్క నింపినవి మాత్రం ఇందులో వేయకండి. నగిషీ సందుల్లో కావాలని ఉంచిన నలుపు కూడా పోతుంది, తర్వాత బాధపడి లాభం లేదు.

మా గిన్నెలో పది నిమిషాల్లో ఐదు చెంచాలు తెల్లబడ్డాయి, కాస్త మసకగా, మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోయింది. ఆరోది అంచుల్లో పచ్చగా తేలింది. ఇత్తడి మీద వెండి పూత! నలుపు పోతే కానీ ఆ సంగతి బయటపడలేదు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎప్పుడు మార్చినారో, ఎవురు మార్చినారో" అంటూ మా పెద్దత్తకు ఫోన్ చేసింది.