చప్పుడు లేకుండా పొలమారితే

అన్నం తింటుండగా పొలమారితే నెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. రెండు దగ్గులు దగ్గగానే దారి తప్పిన మెతుకు బయటికొస్తుంది. బాగా నీరసించిన పెద్దవాళ్లలో చాలాసార్లు ఆ దగ్గే రాదు. నిద్రలో ఉమ్మి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా వాళ్లకు తెలియదు, పక్కన ఉన్నవాళ్లకూ తెలియదు. ఆ ఉమ్మిలో పాచి తాలూకు బ్యాక్టీరియా ఎంత ఎక్కువుంటే న్యుమోనియా భయం అంత ఎక్కువ.

జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. భోజనం అయ్యాక సిబ్బందే నోరు శుభ్రం చేసినవాళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. అలా చేయనివాళ్లలో 19 శాతం మందికి. ఒక్క పన్ను కూడా లేనివాళ్లకూ మేలు కనిపించింది. "పళ్లే లేవు, ఇంకేం తోముతాం" అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలో తలుచుకుంటే బాధేస్తుంది.

వయసుతో చిగుళ్లు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. దానికి ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) రక్ష లేదు. ఎనామిల్ కరగాలంటే నోటి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.5 దాకా పడాలి. వేరు 6 పైన ఉండగానే కరగడం మొదలెడుతుంది. దానికి తోడు డిప్రెషన్‌కు, అలర్జీకి, మూత్రం ఆగకపోవడానికి ఇచ్చే చాలా మందులు నోరు ఎండగొడతాయి. ఆ ఎండిన నోటికి రోజంతా తీపి చాయ్, బిస్కెట్టే ఆహారమైతే వేరు చుట్టూ పుచ్చుతుంది. నొప్పని చెప్పలేనివాళ్లు అన్నం మానేస్తారు. మనం ఆకలి తగ్గిందనుకుంటాం.

ఈ పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ పేస్టు అంటే కొందరికి నల్గొండ గుర్తొస్తుంది. అక్కడి కష్టం ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ మితిమీరిన నీళ్లది. బ్రష్ మీద కాస్త పేస్టు పెట్టి తోమి, తుడిచేయడం వేరు.

మంచంలో ఉన్నవాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయకండి. దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, మెత్తటి బ్రష్‌తో తోమి, తడి గాజుగుడ్డతో నాలుక, బుగ్గల లోపల తుడవండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచండి. 85 దాటిన 524 మందిని జపాన్‌లోనే గమనిస్తే, వాటితోనే నిద్రపోయేవాళ్లలో న్యుమోనియా రెండింతలకు పైగా ఉంది.

లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ హాస్పిటల్‌కు మోసుకెళ్లడం ఎంత కష్టమో తెలిసిందే. అందుకే, నడవగలిగినప్పుడే చూపించండి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో కేర్‌టేకర్ రాసే బీపీ, షుగర్ చార్టులో ఇంకో గడి గీయండి: "రాత్రి నోరు శుభ్రం చేశామా?"