దూలంలో ప్లాస్టిక్ జాలీ: గొడవ ఎక్కడ మొదలైంది?

ఫ్లైఓవర్ పిట్టగోడను బండి గుద్దిందంటే చాలు, హైదరాబాద్ ఇంజనీర్ల మధ్య పాత వాదన లేస్తుంది. త్రీడీ ప్రింటర్‌లో తీసిన ప్లాస్టిక్ జాలీని, అంటే గళ్ల చట్రాన్ని, లోపల పెట్టి కాంక్రీటు పోస్తే, గోడలూ దూలాలూ దెబ్బకు తట్టుకుంటాయని ఒక పక్షం. సైట్‌లో అది నడవదని రెండో పక్షం.

ప్రింటింగ్ అనగానే మనవాళ్లకు 2023లో సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో కట్టిన గుడి గుర్తొస్తుంది. అక్కడ ప్రింటరు పోసింది కాంక్రీటునే. ఇక్కడ ప్రింటయ్యేది లోపలి జాలీ మాత్రమే, మాలు తర్వాత పోస్తారు. రెంటినీ కలిపేయడం వల్లే సగం గొడవ.

కాంక్రీటు లాగుడుకు ఓర్వక పగులుతుంది, అందుకే లోపల స్టీలు కడ్డీ వేస్తారు. ఇక అసలు మలుపు దగ్గరికి వద్దాం. అది 2020లో వచ్చింది. అంతవరకూ పగుళ్లు ఆపడానికి స్టీలు, ప్లాస్టిక్ పీచులు కలిపేవారు. పీచు ఎక్కువైతే మిక్సర్‌లోనే ఉండ కట్టేస్తుంది. బలం ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్లాడియా ఆస్టర్‌టాగ్ బృందం పద్ధతిని తిరగేసింది. ముందు జాలీ ప్రింట్ చేసి, దాని సందుల్లోకి అత్యధిక బలమున్న కాంక్రీటు పోసింది. ఆ దూలాలు మొదటి పగులుతో విరిగిపోలేదు. సన్నని పగుళ్లు అనేకం పడుతూ, బరువు మోస్తూనే వంగాయి.

జాలీ పక్షం పట్టుకున్నది ఇదే: దెబ్బ తగిలినప్పుడు చూడాల్సింది ఎంత శక్తి మింగిందన్నది. మాట సబబే. అయితే బర్క్‌లీలో దూలాలను నెమ్మదిగా వంచి చూశారు, గుద్ది చూడలేదు. సుత్తి పడేసే పరీక్షలు వేరే చోట్ల జరిగాయి, అవీ చాలావరకు చిన్న నమూనాల మీదే.

సైట్ ఇంజనీర్ల అభ్యంతరాలు ఇంకా పచ్చిగా ఉంటాయి. ప్లాంటులో కలిపి ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) లారీలో తెచ్చే మన మాలులో 20 ఎంఎం కంకర ఉంటుంది. చిన్న గళ్ల జాలీలోకి అది దూరదు, పైనే ఆగిపోయి కింద గుల్ల మిగులుతుంది. వైబ్రేటర్ సూది దించితే జాలీ చిట్లుతుంది. జాలీ ప్రింట్ చేసే పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాంక్రీటులోని క్షారం దాన్ని మెల్లగా తినేస్తుంది. పైగా స్టీలు కంటే 60 రెట్లకు పైగా మెతక. అందుకని కడ్డీకి తోడుగా వస్తానంటే రానివ్వచ్చు, కడ్డీ తీసేసి దీన్ని పెట్టమంటే డ్రాయింగ్ మీద సంతకం పెట్టేదెవరు?

బండి గుద్దే మాటకొస్తే, 2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి కారు పడి ఒక మహిళ చనిపోయింది. వంతెన తెరిచి మూడు వారాలు కూడా కాలేదు. అప్పుడు అధికారులు ముఖ్యంగా వేగం మీద పడ్డారు. మూసేసి, 2020 జనవరిలో గంటకు 40 కిలోమీటర్ల పరిమితితో మళ్లీ తెరిచారు.

రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కలో వంతెన మీది మామూలు గోడ, ఒకటిన్నర టన్నుల బండి 110 కిలోమీటర్ల వేగంతో 20 డిగ్రీల కోణంలో గుద్దినా ఆపాలి. జాలీ పక్షం దాటాల్సిన గీత అది.