సెస్సు కట్టే ఊరికి ఈ-జర్నళ్లు ఎందుకు రాలేదు?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా జిల్లా గ్రంథాలయానికి వెళ్తే గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. పేపర్లు, గైడ్లు దొరుకుతాయి. చందా కడితేగానీ తెరుచుకోని పరిశోధన జర్నల్ కావాలంటే మాత్రం దారి లేదు. దీనికి కంప్యూటర్ల కొరతే కారణం అనుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది.

ఇక్కడ గ్రంథాలయాలు ప్రజలు పెట్టుకున్నవి. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం స్థాపించారు. 1922లో అక్కడి నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు. సభ జరుపుకోవాలన్నా నిజాం సర్కారు అనుమతి తీసుకోవాల్సిన కాలం అది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం వేసే అదనపు పన్ను, అదే సెస్సు. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమే సకాలంలో పడదు. బకాయిలు పేరుకుపోతాయి. ఇలాంటి సంస్థ లక్షలు పోసి చందాలు కట్టగలదా?

ఎలక్ట్రానిక్ సమాచారం అసలు ఈ సెస్సు దారిన రాలేదు. యూజీసీ, యూనివర్సిటీ గ్రంథాలయాలను నెట్‌వర్క్‌తో కలిపే దాని కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా యూనివర్సిటీలకు, కాలేజీలకు వచ్చింది. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో ఏర్పడ్డాయి. లాగిన్ ఉన్నంతకాలమే విద్యార్థికి జర్నల్. చదువు పూర్తయితే అదీ పోతుంది.

ఉచితంగా ఉన్నవాటికీ చిక్కులున్నాయి. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో చాలానే ఉన్నా, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో ఎక్కించారు. తెలుగులో వెతికితే దొరకవు. పేజీలు ఉత్త బొమ్మలు కాబట్టి చూపులేనివారికి తెరమీది అక్షరాలను చదివిపెట్టే సాఫ్ట్‌వేర్, స్క్రీన్ రీడర్, వాటిని చదివి వినిపించలేదు.

2025 జనవరి 1న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలైంది. దేశమంతటికీ కలిపి కేంద్రమే జర్నళ్ల చందా కట్టే పథకం ఇది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకే ఇది వర్తిస్తుంది. ప్రజా గ్రంథాలయాలు ఇందులో లేవు. నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని ఈ జిల్లా పేరే పెట్టారు. ఇక్కడి నీళ్ల మీద, ఇక్కడి మనుషుల ఎముకల మీద రాసిన వ్యాసాలు ఎన్నో జర్నళ్లలో ఉన్నాయి. చందా గోడ వెనక ఉన్నవాటిని ఇదే జిల్లాలోని ఫ్లోరైడ్ పీడిత మర్రిగూడ మనిషి చదవాలంటే ఏదో ఒక యూనివర్సిటీ లాగిన్ ఉండాలి. ఇది అన్యాయం.

2027తో ఆ మూడేళ్లు ముగుస్తాయి. తర్వాతి ఒప్పందంలో జిల్లా గ్రంథాలయాలను చేర్చమని ఇప్పుడే అడగాలి.