శిఖరాగ్ర సదస్సు జరిగిన మర్నాడే దిగుమతి డ్యూటీ తగ్గదు

ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి)-భారత్ శిఖరాగ్ర సదస్సు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మలేషియా సరుకుకి డ్యూటీ తీసేశారట కదండీ, మన కంటైనర్ కొన్నాళ్లు ఆపుదామా?" అని. కస్టమ్స్ బ్రోకర్‌గా చెబుతున్నాను, దిగుమతిదారుల డబ్బు అన్నిటికంటే ఎక్కువగా తినేసే అపోహ ఇదే.

సదస్సులో నాయకులు చేసేది ప్రకటన. దాని తర్వాత చర్చలు ముగియాలి, సంతకాలు కావాలి, ఒక్కో దేశం లోపల ఆమోదం దొరకాలి, చివరికి కొత్త రేట్లు చెప్పే మన కస్టమ్స్ నోటిఫికేషన్ రావాలి. ఆసియాన్‌తో ఇప్పుడున్న సరుకుల ఒప్పందమే తీసుకోండి. చర్చలు 2008 ఆగస్టులో ముగిశాయి, 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో సంతకాలయ్యాయి, 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అదీ మొదట మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మాత్రమే. మిగతా దేశాలతో తర్వాత ఒక్కొక్కటిగా మొదలైంది. రేట్లు కూడా ఏళ్ల తరబడి విడతలవారీగా తగ్గాయి, కొన్ని సరుకులకు అసలు తగ్గలేదు. ఈ ఒప్పందం సమీక్షను 2025 కల్లా ముగించాలని 2023లో లక్ష్యం పెట్టుకుంటే, ఆ వార్తకే రేట్లు మారిపోయాయని వాట్సాప్‌లో తిప్పారు. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేముందు నోటిఫికేషన్ నంబర్ ఏదని ఒక్కసారి అడగండి, దయచేసి.

నాకు తెలిసిన ఒక చిన్న వ్యాపారి అలాంటి మాట నమ్మి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వేయకుండా కూర్చున్నాడు. పోర్టులో సరుకు ఉచితంగా ఉంచనిచ్చే ఫ్రీ డేస్ అయిపోయాయి, ఆ పై రోజులకు పడే డెమరేజ్ మొదలైంది, పైన బిల్ వేయనందుకు ఆలస్య రుసుము. అనుకున్న తగ్గింపు రాలేదు. అప్పు తెచ్చి సరుకు తెప్పించినవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను, అతన్ని తప్పుపట్టాలనిపించలేదు.

మామూలుగా వర్తించేది బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజు రేటు, ఓడకు ఎంట్రీ ఇన్‌వర్డ్ (సరుకు దించడానికి కస్టమ్స్ ఇచ్చే అనుమతి) దాని తర్వాత దొరికితే ఆ రోజుది. నిజంగా ఆగాలనుకుంటే డ్యూటీ అప్పుడే కట్టకుండా సరుకు నిల్వ ఉంచే బాండెడ్ వేర్‌హౌస్‌లో పెట్టండి, అక్కణ్నుంచి సరుకు విడిపించుకోవడానికి బిల్ వేసిన రోజు రేటు పడుతుంది. కానీ అద్దె, వడ్డీ ముందే లెక్కేసుకోండి.

2019లో మనం ఆర్‌సెప్ (ఆసియాన్‌తో పాటు చైనా, జపాన్ లాంటి దేశాలున్న వాణిజ్య ఒప్పందం) వద్దన్నాం కాబట్టి ఆసియాన్ రాయితీలు కూడా పోయాయంటారు. పోలేదు, అది వేరే ఒప్పందం. సింగపూర్ మీదుగా వస్తే చాలు, రాయితీ ఇస్తారన్నది ఇంకొకటి. వేరే దేశంలో తయారైన సరుకు అక్కడ ఓడ మారినంత మాత్రాన సింగపూర్‌ది అయిపోదు. సాధారణ నిబంధన ప్రకారం కనీసం 35 శాతం విలువ ఒప్పంద దేశాల్లోదే అయ్యుండాలి, బయటి ముడిసరుకుతో పోలిస్తే తయారైన సరుకు టారిఫ్ సబ్‌హెడింగ్ (కస్టమ్స్ వర్గీకరణ కోడ్) కూడా మారాలి.

సరుకు ఏ దేశానిదో చెప్పే ఫామ్ ఏఐ సర్టిఫికెట్ ఉంటే ఇక ఎవరూ అడగరనుకోకండి. 2020 సెప్టెంబర్ 21 నుంచి కెరోటార్ అనే, సరుకు ఏ దేశానిదో రుజువు చేయడానికి సంబంధించిన కస్టమ్స్ నిబంధనలున్నాయి, సరుకు ఎలా తయారైందో, ఆ 35 శాతం ఎలా వచ్చిందో వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి. కస్టమ్స్ అడిగాక సప్లయర్‌కి మెయిల్ పెడితే చాలాసార్లు జవాబే రాదు, అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ కాగితాలు తెప్పించుకోండి.