రోగి పరిశీలన ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

నార్సెట్‌కో (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష), స్టాఫ్ నర్స్ పోస్టుకో చదివేవాళ్లు చాలామంది తెలియక తప్పు పెట్టరు, వార్డులో పడిన అలవాటు కొద్దీ పెడతారు.

అపోహ: ‘మొదట ఏం చేస్తారు?’ అంటే అసెస్‌మెంట్ (రోగిని పరిశీలించడం) ఉన్న ఆప్షనే జవాబు.

ప్రశ్నలో సరిపడా లక్షణాలు ఇవ్వనప్పుడే ఆ సూత్రం పనిచేస్తుంది. రక్తం ఎక్కిస్తుండగా వణుకు, జ్వరం, నడుంనొప్పి వచ్చాయని ప్రశ్నే చెబితే ఇంకా చూడాల్సిందేముంది? ముందు రక్తం ఆపాలి. బీపీ చూడటం, డాక్టరుకు చెప్పడం ఆ తర్వాతే. అలాగని క్యాన్యులా (నరంలో పెట్టిన చిన్న గొట్టం) పీకేయకూడదు, మందులకు ఆ దారి కావాలి. కొత్త సెట్ తగిలించి నార్మల్ సెలైన్ పెట్టాలి. పాత సెట్‌తోనే పెడితే ట్యూబులో మిగిలిన రక్తం కూడా లోపలికే పోతుంది. బ్యాగునూ సెట్‌నూ పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపాలి.

అదే క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉన్న 60 కిలోల రోగికి మూత్రం గంటకు 30 మి.లీ. కన్నా తగ్గిందని మాత్రమే ఇచ్చారనుకోండి. ఇక్కడ అసెస్‌మెంటే ముందు: ట్యూబు మెలిక పడిందా, బ్యాగు మూత్రాశయం కన్నా కిందే ఉందా చూడాలి. ఈ రెండు ప్రశ్నల తేడా పట్టుబడితే ‘మొదట’ ప్రశ్నల్లో సగం భయం పోతుంది.

అపోహ: బీపీకి ఏ కఫ్ చుట్టినా ఒకటే.

చిన్న కఫ్ బీపీని ఎక్కువ చూపిస్తుంది, పెద్దది తక్కువ. కఫ్ లోపలి గాలి సంచి వెడల్పు చేయి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. అంటే 30 సెం.మీ. చేతికి 12 సెం.మీ. వెడల్పు, 24 సెం.మీ. పొడవు. చేయి గుండె కన్నా కిందికి వేలాడితే రీడింగ్ పెరుగుతుంది.

అపోహ: శ్వాస 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు.

లయ తప్పితే నిండా 60 సెకన్లు చూడాల్సిందే. రోగికి చెప్పి లెక్కపెడితే శ్వాస మారిపోతుంది. అందుకే నాడి చూసిన చేయి వదలకుండానే ఛాతీని గమనించాలి. (వార్డంతటికీ ‘20’ రాసి ఉన్న చార్టులు అందరం చూసినవే.)

అపోహ: ఎర్రబడిన చోట మసాజ్ చేస్తే బెడ్‌సోర్ రాదు.

అప్పటికే దెబ్బతిన్న కణజాలాన్ని రుద్దితే ఇంకా చితుకుతుంది. వేలితో నొక్కినా ఎరుపు పాలిపోకపోతే అది మొదటి దశ. ఇక్కడ పుస్తకంలోని బొమ్మలు మనల్ని మోసం చేస్తాయి. మన ఒంటి రంగులో ఎరుపు అంతగా కనిపించదు. పక్క చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం, నొప్పి చూడాలి. మధ్యలో బొక్క ఉన్న రింగు దిండు వద్దు, దాని అంచు చుట్టూ రక్తప్రసరణను నొక్కేస్తుంది. మడమలకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమలను గాల్లో ఉంచాలి. పక్కకు తిప్పేటప్పుడు 30 డిగ్రీల వాలు చాలు. పూర్తిగా 90 డిగ్రీలకు తిప్పితే భారమంతా తుంటి ఎముక మీద పడుతుంది.

అపోహ: సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగికి ఆక్సిజన్ పెట్టకూడదు.

పెట్టాలి, కానీ అదుపులో. సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ (SpO2) లక్ష్యం 88-92 శాతం. ఆప్షన్లలో వెంచురి మాస్క్ (ఆక్సిజన్‌ను కచ్చితమైన శాతంలో ఇచ్చేది) ఉంటే అక్కడ ఒక్కక్షణం ఆగండి.

అపోహ: స్పందనే లేని రోగికి జీసీఎస్ (స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్) 0.

కనిష్ఠం 3. కళ్లు, మాట, కదలిక అనే మూడు విభాగాల్లో ప్రతిదీ 1తోనే మొదలవుతుంది.