వే ప్రోటీన్ స్టెరాయిడ్ కాదండీ: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను డెయిరీ టెక్నాలజిస్టుని. చీజ్ చేయగా మిగిలిన తేటను పొడిగా మార్చే ప్లాంటులో పని. ఆ తేటనే ఇంగ్లీషులో వే అంటారు. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు: "మావాడు జిమ్ముకెళ్తూ ఆ పొడి తాగుతున్నాడండీ, స్టెరాయిడ్ అంటున్నారు, నిజమేనా?" అడిగే తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. తెలిసీ తెలియకుండా వాట్సాప్‌లో పుకార్లు తిప్పేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: వే ప్రోటీన్ ఒక కెమికల్, స్టెరాయిడ్ లాంటిది.

వాస్తవం: అది పాలలోదే. ఆవుపాల ప్రోటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్, 20 శాతం వే. పాలలో రెనెట్ అనే ఎంజైమ్ వేస్తే కేసిన్ గడ్డకట్టి చీజ్ అవుతుంది. పది లీటర్ల పాలకు కిలో చీజ్ వస్తే దాదాపు తొమ్మిది లీటర్ల తేట మిగులుతుంది. లేత పసుపులో కాస్త ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, అది బి2 విటమిన్ రంగు. అందులో ప్రోటీన్ ఒక్క శాతం కూడా ఉండదు. సెపరేటర్‌లో కొవ్వు తీసి, పాశ్చరైజ్ చేసి, అల్ట్రాఫిల్ట్రేషన్‌కు పంపుతాం. మెంబ్రేన్ అనే అతిసన్నని రంధ్రాల పొర గుండా నీళ్లు, లాక్టోజ్ అనే పాల చక్కెర, లవణాలు దాటిపోతాయి, ప్రోటీన్ దాటలేదు. జల్లెడ పట్టడం లాంటిదే. 80 శాతం ప్రోటీన్ ఉండే రకం (కాన్సంట్రేట్) కావాలంటే మధ్యలో మంచినీళ్లు పోసి మళ్లీ వడకట్టాలి. చివర్లో స్ప్రే డ్రయర్‌లో వేడిగాలిలోకి తుంపరగా కొడితే పొడి రాలుతుంది. కిలో పొడికి వంద లీటర్లకు పైనే తేట పడుతుంది. ఫ్లేవర్ కలపని ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూస్తే పాలపొడి వాసనే వస్తుంది.

ఈ దారిలో ఎక్కడా స్టెరాయిడ్ గానీ మరే హార్మోన్ గానీ కలిపే పని లేదు. అయితే సీలు లేని డబ్బాలు, విడిగా పొట్లం కట్టి అమ్మే పొడుల సంగతి వేరు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు లేనిదాన్ని ముట్టుకోకండి.

ఈ పుకారు వల్ల అసలు నష్టపోయేది కండలు పెంచే కుర్రాళ్లు కాదు, పెద్దవాళ్లు. మా పెద్దమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యింది. రెండు ముద్దలు తినడమే గగనం. డైటీషియన్ వే ప్రోటీన్ రాస్తే, "జిమ్ముల పొడి నాకెందుకురా, ఒంట్లో వేడి చేస్తుంది" అని డబ్బా మూత కూడా తియ్యలేదు. పక్కన కూర్చుని ఇది ఎలా తయారవుతుందో మొత్తం చెప్పాను. "అంటే విరుగుడు నీళ్లేగా, ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అని పాలలో కలిపించుకుని తాగింది. అలాంటివాళ్లకు కొంచెంలోనే ఎక్కువ ప్రోటీన్ అందాలి. వే త్వరగా అరుగుతుంది, కండ నిర్మాణానికి ముఖ్యమైన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో దండిగా ఉంటుంది.

2024లో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దని చెప్పిన మాట నిజం. కలిపే చక్కెరలు, స్వీటెనర్ల మీద హెచ్చరించింది. నేనూ ఒప్పుకుంటాను. పప్పు, గుడ్డు, పెరుగు సరిపడా తినే కుర్రాడికి ఈ ఖర్చు అక్కర్లేదు. అంతమాత్రాన దాన్ని విషమని ప్రచారం చేయడం అన్యాయం.

కిడ్నీలు పాడవుతాయా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలు మోతాదుతో చెడతాయనడానికి ఆధారం లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం నెఫ్రాలజిస్టు చెప్పిన లెక్కే పాటించాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకైతే ప్రోటీన్ ఇంకా ఎక్కువే కావాలి, భయపడి మానేయకండి.

ఇంట్లో పన్నీరు నీళ్లు తాగితే చాలదా? చాలదు, గ్లాసుకు గ్రాము ప్రోటీన్ దక్కితే గొప్ప. వేడిపాలలో కలిపితే ఉండ కడుతుందే తప్ప పోషకం పోదు. లాక్టోజ్ అరగక పాలు పడనివాళ్ల సంగతి చూస్తే, 80 శాతం రకంలో స్కూపుకు రెండు గ్రాముల లాక్టోజే ఉంటుంది, వాళ్లలో చాలామందికి పడుతుంది. పాల ఎలర్జీ ఉంటే మాత్రం అసలు వద్దు.

కొనేముందు డబ్బా వెనక చదవండి. 30 గ్రాముల స్కూపుకు ప్రోటీన్ 20 నుంచి 24 గ్రాములు ఉండాలి. పదీ పన్నెండే ఉంటే మిగతాది చాలావరకు చక్కెరో, మాల్టోడెక్స్ట్రిన్ అనే పిండిపదార్థమో అయి ఉంటుంది, అది తిరిగి షెల్ఫులో పెట్టేయండి.