వాచీ ఎందుకు అమ్ముడవుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో వాచీల డిజైన్, అమ్మకం రెండూ చూస్తుంటాను. ఈ లైనులోకి కొత్తగా వచ్చేవాళ్లు, బీసెంట్ రోడ్డులో కొనడానికి వచ్చేవాళ్లు కూడా గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డయల్ ఎంత పెద్దదైతే మగవాళ్లకు అంత నచ్చుతుంది.

వాస్తవం: నచ్చేది చేతికి నప్పిన వాచీ. అందరూ 40, 42 మి.మీ. అంటూ కేసు (వాచీ బాడీ) వెడల్పే అడుగుతారు. నేను ముందు చూసేది లగ్స్, అంటే స్ట్రాప్ పిన్ను పట్టుకునే కొమ్ములు. పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా ఉండే పొడవు మణికట్టు వెడల్పును దాటిందంటే వాచీ రెండు వైపులా పైకి లేచి నిలబడుతుంది. ఒకే 40 మి.మీ. కేసుకు ఆ పొడవు 46 ఉండొచ్చు, 50 ఉండొచ్చు. చేతికి పెట్టుకుంటే రెండూ వేరే వేరే వాచీలు. కొమ్ములు కిందికి వంగి ఉంటే ఇంకా బాగా అతుక్కుంటుంది. అందుకే కేసు తయారీకి ఇచ్చే ముందు డిజైన్‌ను అసలు సైజులో అట్ట మీద ప్రింట్ తీసి, కత్తిరించి, సన్నని చెయ్యి ఒకటి, లావు చెయ్యి ఒకటి చూసి కట్టి చూస్తాను. కంప్యూటర్ తెరపై దొరకని తప్పు అక్కడ దొరుకుతుంది.

డయల్ రంగు కూడా కంటిని మోసం చేస్తుంది. అదే కేసులో తెల్ల డయల్ పెద్దగా, నల్లది చిన్నగా కనిపిస్తాయి. తాతల కాలం నాటి హెచ్‌ఎంటీ జనతా సుమారు 35 మి.మీ. మాత్రమే. పెళ్లికొడుకు చేతికి అప్పట్లో అదే నిండుగా ఉండేది.

అపోహ: ఖరీదైన ఆటోమేటిక్ (సెల్ లేకుండా, చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకుని నడిచే వాచీ) అయితే టైము కచ్చితంగా చూపిస్తుంది.

వాస్తవం: సెల్ వాచీలోని క్వార్ట్జ్ అనే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మామూలు సెల్ వాచీకి నెలలో 15 సెకన్ల దాకా తేడా వస్తే, ఆటోమేటిక్‌కు ఒక్క రోజులోనే అంత తేడా రావచ్చు. ఆటోమేటిక్‌ను దాని పనితనం చూపించి అమ్మాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే కొన్నవాళ్లు వారం తిరక్కుండా కంప్లైంట్‌తో వస్తారు.

అపోహ: ప్రకటనల్లో కనిపించే 10:10 వాచీ కనిపెట్టినాయన చనిపోయిన టైము.

వాస్తవం: కాదు. ముళ్లు అలా ఉంటే 12 కింద కంపెనీ పేరు కప్పుకుపోదు, డయల్ రెండు వైపులా సమంగా కనిపిస్తుంది.

అపోహ: లేడీస్ వాచీ అంటే జెంట్స్ వాచీని చిన్నది చేసి గులాబీ రంగు వేయడమే.

వాస్తవం: ఈ ఆలోచన నాకు అస్సలు నచ్చదు. పట్టుచీర జరీ కొమ్ముల అంచుకు తగులుకోకూడదు. ఒంటి చేత్తో పెట్టుకోగలిగే బకిల్ ఉండాలి. గాజులు రాసుకున్నా గీతలు పడని గాజు కావాలి, అంటే వీలైతే సఫైర్ అనే గట్టి రకం. ఇవన్నీ చూసుకున్నాకే రంగు.

అపోహ: వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే కృష్ణలో ఈత కొట్టొచ్చు.

వాస్తవం: అది కదలని నీటి ఒత్తిడికి చేసే పరీక్ష లెక్క. 30 మీటర్లంటే చేతులు కడుక్కోవడానికి, చినుకులకు సరిపోతుంది. ఈతకు 100 మీటర్లది తీసుకోండి. అదీ టైము తిప్పే పక్క కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉంటేనే. లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి కాబట్టి సెల్ మార్చినప్పుడల్లా వాటినీ చూడమనండి.